బొటనవేలి పటకారు

మ్యూజియంలో అందరూ ఆమెను చీటీలమ్మ అంటారు. అద్దాల పెట్టెల్లో ఉన్న ప్రతి వస్తువు పక్కనా అరచేయంత అట్టముక్క మీద అదేమిటో, దేనికి వాడేవారో నాలుగు ముక్కల్లో రాసిపెట్టడం ఆమె పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టోరు గుమాస్తా సరదాకి పెట్టిన పేరది. గుమాస్తా రిటైరై వెళ్లిపోయాడు గానీ పేరు ఆమెను వదల్లేదు. అయిదేళ్ల కిందట వచ్చిన క్యూరేటర్ కూడా ఆఫీసు కాగితాల్లో తప్ప ఆమె అసలు పేరు వాడడు.

పాత ధాన్యం గోదామును బాగుచేసి పెట్టిన మ్యూజియం అది. రాజుల కత్తులూ కిరీటాలూ అందులో లేవు. అన్నీ పనిచేసుకుని బతికినవాళ్ల సామాన్లే. పీపాలకు బెజ్జాలు వేసే బర్మాలు, బండిచక్రం చుట్టుకొలత తీసే చేతిచక్రం, గుర్రాల పళ్లు అరగదీసే పొడవాటి ఆకురాయి, టోపీలు కుట్టేవాడు మనిషి తల ఆకారాన్ని కాగితం మీద గుచ్చి తీసుకునే యంత్రం. ఇలాంటివి తొమ్మిది వందల పైచిలుకు. జనం వచ్చి, అదేమయ్యుంటుందో చెప్పుకోమని ఒకరినొకరు ఆటపట్టించుకుని, చీటీ చదివి, "ఓహో" అని ముందుకు కదులుతారు. ఆ ఓహో చెవిన పడితే చీటీలమ్మకు ఆ పూటకు కడుపు నిండినట్టే.

నలభై ఒకటో నంబరు దగ్గరకొచ్చేసరికి మాత్రం గొంతులు తగ్గిపోయేవి. అది మూరెడు పొడవున్న ఇనప పటకారు. ఒక దవడకు ఉంగరం, రెండో దవడకు పెద్ద గోళీకాయంత గుండు. పిడులు నొక్కితే గుండు వచ్చి ఉంగరంలో కూర్చుంటుంది. పక్కన చీటీ ఇలా ఉండేది: "వేళ్లు నలిపే పటకారు. పాత జైలులో ఖైదీల చేత నిజం చెప్పించడానికి వాడేవారు. బొటనవేలిని ఉంగరంలో ఉంచి గుండుతో నొక్కేవారు. ఇచ్చినవారు: జైలు ఉద్యోగి కుటుంబం." బడిపిల్లలు లోపలికి అడుగుపెట్టగానే మిగతా అన్నిటినీ దాటుకుని దాని దగ్గరికే పరుగెత్తేవారు. మ్యూజియం గేటు పక్కన గోడబొమ్మ మీద కూడా దాని ఫొటోనే.

ఆ చీటీ తప్పని చీటీలమ్మకు తెలిసింది ఒక మంగళవారం పొద్దున, అత్తగారి బూట్ల వల్ల.

అత్తగారికి కుడికాలి బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు పొడుచుకొచ్చింది. రోజూ అరగంట నడవాలని, పాదాన్ని పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. కొన్న బూట్లు సరిగ్గా ఆ ఎముక దగ్గరే పట్టేశాయి. "ఈ బూట్లేసుకుని బతకడం కన్నా మంచానికి అతుక్కుపోవడమే హాయి" అని ఆవిడ వారం రోజులు ఇల్లు పీకి పందిరేసింది. చివరికి చీటీలమ్మ ఆ బూట్లు సంచీలో వేసుకుని, ఆఫీసుకు వెళ్లే దారిలో బస్టాండు పక్కనున్న బూట్ల మేస్త్రి దగ్గర ఆగింది.

మంచం పట్టేంత గది. గోడ నిండా మేకులు, మేకుల నిండా చెప్పులు, గదంతా జిగురు వాసన. మేస్త్రి బూటులో చెయ్యి పెట్టి తడిమి, "బొటనవేలి ఎముక కదమ్మా? చిటికెలో పని" అన్నాడు. లోపల తడిగుడ్డతో అద్ది, బల్ల కిందకు వంగి, నూనెగుడ్డలో చుట్టిన పటకారొకటి తీశాడు. ఒక దవడకు ఉంగరం. రెండో దవడకు గుండు.

చీటీలమ్మ బల్ల మీదికి వంగి చూసింది. మేస్త్రి గుండును బూటు లోపలికి దూర్చాడు. ఉంగరాన్ని బయటి నుంచి తోలు మీద ఆనించాడు. పిడులు నొక్కి, అవి విడిపోకుండా తీగ బిగించి, బూటును బల్ల మీద నిలబెట్టాడు.

"రేపు సాయంత్రం దాకా ఇలాగే వదిలేస్తే తోలు చిన్న గిన్నెలాగా సాగుతుందమ్మా. ఎముక అందులో కూర్చుంటుంది. మిగతా బూటు చెక్కుచెదరదు."

"దీన్నేమంటారండీ?"

"పేరేముంది? మా దుకాణంలో గుండు పటకారంటాం. మా మావయ్యది. ఆయనకు ఎవరిచ్చారో మరి."

"దీనికి ఇంకేమైనా వాడకం ఉందా? వేరే పనికి?"

మేస్త్రి ఆమె ముఖం చూసి నవ్వాడు. "బూటు సాగదీయడానికే అమ్మా. ఇంకెందుకు పనికొస్తుంది?"

"వేలు పెట్టి నొక్కితే?"

"ఎవరి వేలు?" అన్నాడు మేస్త్రి. తన బొటనవేలే ఉంగరంలో పెట్టి రెండో చేత్తో పిడి నొక్కి చూపించాడు. వేలు ఉంగరంలో వదులుగా ఆడింది, గుండు పక్కకు జారిపోయింది. "చూశారా, పట్టే లేదు. వేలు నలపాలంటే తలుపు సందు చాలు కదమ్మా."

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే అత్తగారు కడుపు పట్టుకుని నవ్వింది. "బొటనవేలి దాకా సరిగ్గానే వచ్చావు కదే! చేతిదనుకున్నావు, కాలిదైంది. తేడా ఎంతా, నడుముకు పైనా కిందా!"

చీటీలమ్మకు నవ్వు రాలేదు. ఆ చీటీ రాసి ఇరవయ్యారేళ్లయినా, ఎలా రాసిందో ఆమెకు నిన్న మొన్నటి సంగతిలా గుర్తుంది. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండు నెలలు. పదిహేను రోజుల్లో మ్యూజియం తెరవాలి. మూడు వందల చీటీలు రాయాలి. ఒక చెక్కపెట్టె వచ్చింది, దాని మీద అతికించిన కాగితంలో "జైలులో పనిచేసిన మనిషి సామాను" అని మాత్రం ఉంది. జైలు అన్న మాట చూసింది, పటకారు చూసింది, ఉంగరం చూసింది. మిగతాది చెయ్యే రాసేసింది. పెట్టె ఇచ్చినవాళ్ల అడ్రసు రిజిస్టరులో ఉన్నా, వెళ్లి ఒక్క మాట అడగాలని తోచలేదు. అడిగే తీరిక లేదని అప్పుడనుకుంది. నిజానికి చీటీ అంత బాగా కుదిరాక అడగాలనిపించలేదు.

మర్నాడు స్టోరు తెరిచి ఆ పెట్టెలో వచ్చిన మిగతా వస్తువులు బయటికి తీసింది. నలభై రెండు నుంచి నలభై ఏడు దాకా, అన్నీ అటక మీదే ఉండిపోయాయి. వాటి వివరాలు కూడా తన చేతిరాతే. "చెక్క కాలు, బొమ్మది కావచ్చు." "జరిగే పలక ఉన్న కొలబద్ద, ఉపయోగం తెలియదు." "అర్ధచంద్రాకారపు కత్తి, వంటింటిది." చదువుతుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆదివారం దుకాణానికి సెలవు కాబట్టి, ఆమె రమ్మన్న మీదట మేస్త్రి శుభ్రమైన చొక్కా వేసుకుని మ్యూజియానికి వచ్చాడు. వస్తువులను చూడగానే చుట్టాలను చూసినట్టు ముఖం వెలిగింది. కొలబద్ద నేల మీద పెట్టి, మడమ ఆనించి, పలకను వేలి చివరి దాకా జరిపి, "నా పాదం కొలత" అన్నాడు. అర్ధచంద్రం కత్తిని అరచేతిలో ఊపి, "తోలు కోసేది, దీంతో కూరలు తరిగితే చెయ్యి తెగుతుంది" అన్నాడు. చెక్క కాళ్లు నాలుగున్నాయి. అవి బూటు కుట్టేటప్పుడు లోపల పెట్టే అచ్చులట. మూడో అచ్చును తిప్పి చూసి ఆగిపోయాడు. బొటనవేలి మొదట్లో చిన్న తోలుముక్క అతికించి, మేకులు కొట్టి, నున్నగా చెక్కి ఉంది.

"ఇది ఒకే ఒక్క మనిషి కోసం చేసిన అచ్చమ్మా. ఆ మనిషికీ మీ అత్తగారి కాలే. అడుగున నంబరుంది చూడండి, మూడు వందల పద్దెనిమిది. సైజు నంబరు కాదిది. ఇంత సైజు ఏనుక్కి కూడా ఉండదు."

చీటీలమ్మకు ఇప్పుడు అంతా తేటతెల్లమైంది. అయినా ఈసారి పొరపాటుకు చోటివ్వదల్చుకోలేదు. జైలు ఎప్పుడో ఊరి బయటకు మారిపోయింది, పాత కాగితాలు జిల్లా రికార్డుల ఆఫీసులో ఉన్నాయి. రెండు వారాల పాటు మధ్యాహ్నాలు సెలవు పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చెదలు తినగా మిగిలిన పుస్తకాలు తిరగేసింది. మొదటి వారం జైలు వంటశాల లెక్కలూ గోడల మరమ్మతులూ తప్ప ఏమీ దొరకలేదు. రెండో వారం గురువారం నాడు "పాదరక్షల కర్మాగారం" అని అట్ట మీద రాసిన పల్చటి పుస్తకం కనిపించింది. మొదటి పేజీలో ఖైదీలకు బూట్ల పని నేర్పే శిక్షకుడి పేరుంది. తమ మ్యూజియం రిజిస్టరులో, పెట్టె ఎవరిదన్న చోట ఉన్న పేరే. లోపల వరుసలో ఖైదీ నంబర్లు, పాదాల కొలతలు. మూడు వందల పద్దెనిమిది ఎదురుగా ముదురు సిరాతో: "ఎడమ పాదము బొటనవేలి ఎముక ఉబ్బినది. పుండు. జోడు వదులు చేయబడినది. మరల వదులు చేయబడినది. కొత్త అచ్చు."

ఆ వాక్యాలన్నిటినీ ఆమె చేత్తో ఎత్తి రాసుకుంది. రికార్డుల ఆఫీసు ముద్ర వేయించుకుంది.

క్యూరేటర్ మంచివాడే. పైగా ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివాడు. చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడమ్, నిజం చెప్పండి. ఈ బిల్డింగుకి జనం దేనికోసం వస్తున్నారు?"

"పటకారు కోసమే సార్."

"బూట్లు సాగదీసే పటకారు కోసం వస్తారా?"

"రాకపోవచ్చు."

"పోనీ ఒక పని చేద్దాం. 'హింసకు వాడేవారని కొందరి నమ్మకం' అని రాద్దాం. అది అబద్ధం కూడా కాదు."

"ఆ కొందరు ఎవరు సార్? నేనొక్కదాన్నే. నేను రాశాకే గదా మిగతావాళ్లు నమ్మారు."

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "సరే, మార్చండి. హడావుడి లేకుండా, ఓ సోమవారం, మ్యూజియం మూసిన రోజు మార్చేయండి. ఎవరూ అడగరు."

చీటీలమ్మకు ఆ మాట హాయిగానే వినిపించింది. చడీచప్పుడు లేకుండా అట్టముక్క మారిపోతే తన పరువు తనకు ఉంటుంది. కానీ ముందు ఆ పెట్టె ఇచ్చిన ఇంటికి వెళ్లి చెప్పాలి. అడగాల్సినప్పుడు అడగలేదు, కనీసం చెప్పాల్సినప్పుడైనా చెప్పాలి కదా అనుకుంది.

పాత అడ్రసులో వాళ్లు లేరు. పక్కింటావిడ చెప్పిన గుర్తులు పట్టుకుని వెళ్తే, మూడంతస్తుల మేడలో పై వాటా. లిఫ్టు ఉంది, పనిచేస్తోంది, తలుపు మీద నూనె మరకైనా లేదు. పెట్టె ఇచ్చిన మనిషి, అంటే ఆ జైలు మేస్త్రి కొడుకు, ముప్పై అయిదేళ్లు లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడట. మేడవాళ్లు అద్దెలో కొంత తగ్గించి లిఫ్టు బాగోగులు ఆయనకే వదిలేశారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నిటారుగా ఉన్నాడు. తలుపు తీసిన కూతురు మ్యూజియం నుంచి వచ్చారని చెప్పగానే ఆయన ముఖం గోడలా అయిపోయింది.

"మళ్లీ ఏమిటి? ఇంకా ఏమైనా ఇవ్వాలా?"

చీటీలమ్మ కూర్చోకుండానే చెప్పేసింది. ముందు తప్పు, తర్వాత మేస్త్రి, తర్వాత అచ్చు, తర్వాత పుస్తకంలో రాసినది. ముద్ర వేయించిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఆ చీటీ రాసిందెవరు?"

"నేనేనండి."

"ఎవర్నడిగి రాశారు?"

"ఎవర్నీ అడగలేదు."

కూతురు నీళ్లగ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా నాన్న పోయేటప్పటికి నాకు మూడేళ్లు" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "ముఖం కూడా గుర్తులేదు. అమ్మని అడిగితే బూట్లు కుట్టేవాడురా అనేది. జైలు ఉద్యోగమంటే లాఠీ పట్టుకునేవాళ్లే గదా అనుకునేవాణ్ణి. ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టె తుక్కువాడికి వేద్దామంటే అమ్మ వేయనివ్వలేదు. మ్యూజియానికి ఇవ్వు, నలుగురూ చూస్తారంది. మేకులు కొట్టిన పెట్టె కొట్టినట్టే తెచ్చి మీకిచ్చాను. మ్యూజియం తెరిచిన రోజు అమ్మను తీసుకుని వచ్చాను, చూపిద్దామని. ఆవిడకు చదువు రాదు. ఏం రాశారు నాన్నా అని అడిగింది. నేను చదివాను."

చీటీలమ్మ నిలబడే ఉంది.

"కాదురా, అది బూట్లదిరా అని ఆవిడ అక్కడే, అంతమందిలో, అద్దం మీద చెయ్యి పెట్టి చెప్పింది. నేను నమ్మలేదు. మొగుడి పరువు కోసం దాస్తోందనుకున్నాను. మ్యూజియంవాళ్లు రాసిన అట్ట ఒకవైపు, చదువురాని ముసలావిడ ఒకవైపు. నేను అట్టనే నమ్మాను. మా అక్క అమ్మ పక్షాన మాట్లాడింది. మీరిద్దరూ కలిసి నా కళ్లకు గంతలు కడుతున్నారన్నాను. అక్కకూ నాకూ మాటల్లేవు. అమ్మ నాలుగేళ్లు బతికింది, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. పోయేముందు కూడా."

"నాన్నా" అంది కూతురు.

"నేను జన్మంతా పనిముట్లతో బతికినవాణ్ణమ్మా. ఒక్కసారి ఆ అద్దం తీయించి, చేతిలోకి తీసుకుని చూసుంటే నాకే తెలిసేది. చూడబుద్ధి కాలేదు." అప్పుడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "వెళ్లండి. మీరు వచ్చి చెప్పారు, మంచిది. ఇప్పుడు మాత్రం వెళ్లిపోండి."

ఆమె మెట్ల మీదుగానే దిగింది. ఆయన బాగుచేసుకున్న లిఫ్టు ఎక్కడానికి ముఖం చెల్లలేదు. ఇంటికి చేరాక అత్తగారు ఏమైందని అడిగితే ఏమీ లేదంది. ఆవిడ రెండోసారి అడగలేదు గానీ, రాత్రి వంట తనే చేసి కోడలి కంచంలో వడ్డించింది.

పది రోజులు గడిచాయి. చీటీలమ్మ కొత్త చీటీ రాసి సొరుగులో పెట్టుకుంది. పెట్టేయమని క్యూరేటర్ రెండుసార్లు గుర్తుచేశాడు. ఎందుకో ఆ ఇంటి నుంచి ఒక మాట వచ్చేదాకా చెయ్యి ఆడలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం లిఫ్టు మెకానిక్ టికెట్టు కొనుక్కుని వచ్చాడు. పెద్దవాళ్లకు టికెట్టు అక్కర్లేదని గేటు మనిషి చెప్పినా వినలేదట. తిన్నగా నలభై ఒకటో నంబరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చీటీలమ్మ తాళంచెవులు తెచ్చి అద్దం తెరిచి, పటకారును ఆయన చేతిలో పెట్టింది. వస్తువులను ముట్టుకోనివ్వకూడదనే నియమం ఉంది. ఆ నియమాన్ని బోర్డు మీద రాసింది కూడా ఆమే.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పటకారును కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్లాడు. పిడులు రెండుసార్లు తెరిచి మూశాడు. కీలు దగ్గర వేలు పెట్టి చూశాడు. గుండును బొటనవేలి గోటితో గీరాడు.

"ఈ శీల అసలుది కాదు" అన్నాడు. "తర్వాత ఎవరో మార్చారు. బాగానే మార్చారు. గుండు చూశారా? కొన్నప్పుడు ఇది ఇంకా పెద్దది. ఆకురాయితో చుట్టూ అరగదీశారు. గీతలు కనబడుతున్నాయి. తర్వాత గరుకు కాగితంతో రుద్దారు."

"ఎందుకండీ?"

"పెద్ద గుండైతే పల్చటి తోలు పిగిలిపోతుంది. జైల్లో ఇచ్చే తోలు పల్చగా ఉండుంటుంది. ఉన్న సరుకుకు తగ్గట్టు పనిముట్టును మార్చుకున్నాడు." గుండు మీద మళ్లీ వేలు నడిపాడు. "ఇది ఒక పూట పని కాదు. చెయ్యి నొప్పెట్టే పని."

ఇరవయ్యారేళ్లలో చీటీలమ్మ ఆ గుండును ఎన్నిసార్లు తుడిచిందో లెక్కలేదు. ఆ గీతలు ఆమె కంటపడలేదు.

"కొత్త చీటీ రాశాను. చూస్తారా?"

ఆయన చదివాడు. "బూట్లు సాగదీసే పటకారు. పాదరక్షల మేస్త్రులు, బొటనవేలి ఎముక ఉబ్బినవారి బూట్లను వదులు చేయడానికి వాడేవారు. పాత జైలు పాదరక్షల కర్మాగారంలోనిది." తలూపాడు. "బాగుంది. పాతదేం చేస్తారు?"

"తీసేస్తాను."

"తీయకండి."

ఆమెకు అర్థం కాలేదు.

"పాతది అక్కడే ఉండనివ్వండి. దాని పక్కన కొత్తది పెట్టండి. పాతది తప్పని రాయండి. ఎవరు రాశారో, ఎందుకు తప్పు రాశారో కూడా రాయండి. ఇరవయ్యారేళ్లలో ఎన్ని వేలమంది చదివి ఇంటికెళ్లుంటారు? వాళ్లలో ఎవరైనా మళ్లీ వస్తే, ముందు తాము చదివింది కనపడాలి, తర్వాత అది తప్పని కనపడాలి. ఊరికే మార్చేస్తే అసలు అలా ఎప్పుడూ లేదనుకుంటారు. నేను కలగన్నానా అనుకుంటారు."

చీటీలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవ్వాలి. పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ఈలోపు తన తప్పును తనే అద్దంలో పెట్టి తాళం వేసుకోవాలా? కుదరదని ఒక్క మాట అంటే అయిపోతుంది, అధికారం ఆమెదే. ఆయన బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. పటకారును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"రాస్తాను" అంది.

క్యూరేటర్ తల పట్టుకున్నాడు. పేపరువాళ్లకు తెలిస్తే నవ్వుతారన్నాడు. అన్నట్టే ఒక పేపరులో చిన్న వార్త వచ్చింది, ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక బడి పంతులమ్మ ఫోన్ చేసి, తను పన్నెండేళ్లుగా పిల్లలకు చెబుతున్నది తప్పని ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడింది. చీటీలమ్మ ఆమెకు క్షమాపణ చెప్పి, పిల్లల్ని మళ్లీ తీసుకురమ్మంది. గేటు పక్కన గోడబొమ్మ చెరిపి, టోపీలవాడి యంత్రం బొమ్మ వేయించారు. వచ్చేవాళ్ల సంఖ్య మూడు నెలలు తగ్గి, తర్వాత మామూలుకు వచ్చింది. పిల్లలు ఇప్పటికీ పటకారు దగ్గరికే ముందు పరుగెడతారు. రెండు చీటీలూ చదివి, ఎవరు రాశారిది, ఉద్యోగం ఊడిందా అని గేటు మనిషిని అడుగుతారు. "ఊడలేదు, అదిగో ఆ గదిలో ఉంది" అని ఆయన చూపిస్తాడు. వాళ్లు తలుపు సందులోంచి తొంగి చూసి పారిపోతారు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత లోపలికి పిలిచి, ఇంకా పేరు తెలియని వస్తువొకటి చేతికిచ్చి, ఇదేమై ఉంటుందో చెప్పమనడం మొదలుపెట్టింది.

తన పాత చీటీలన్నీ మళ్లీ తిరగేసింది. ఊహించి రాసినవి నూటపన్నెండు తేలాయి. కంసాలిని, మంగలిని, పశువుల డాక్టరును, గడియారాలు బాగుచేసేవాణ్ణి ఒక్కొక్కరినే పిలిపించి చూపించింది. పదిహేడు తప్పని తేలాయి. తొమ్మిది ఏమిటో ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడాది చివర్లో ఒకరోజు లిఫ్టు మెకానిక్ మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట ఒక పెద్దావిడ ఉంది. బస్సు ప్రయాణంలో నలిగిన బట్టలు, చేతిలో కర్ర. ఆయన ఆవిడ సంచీ మోస్తూ రెండడుగులు వెనక నడుస్తున్నాడు.

"మా అక్క" అన్నాడు చీటీలమ్మతో. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ అక్క అద్దం ముందు నిలబడి, "ఇందులో చూడ్డానికేముంది? నాకు తెలిసిందేగా" అంది. అన్నా, పాత చీటీ పూర్తిగా చదివింది. తర్వాత కొత్తది చదివింది. తర్వాత చీటీలమ్మ వైపు తిరిగి కింద నుంచి పై దాకా చూసింది.

"నువ్వేనా?"

"నేనేనండి."

"మా అమ్మ నిన్ను తిట్టని తిట్టు లేదు. నీ పేరు తెలియక చీటీదానా అని తిట్టేది."

మెకానిక్ నేల చూపులు చూస్తున్నాడు.

"అక్కా" అన్నాడు. "నాన్న ఎలాంటివాడు? నీకు ఎనిమిదేళ్లుగా అప్పటికి. గుర్తుండే ఉంటుంది."

"ఇన్నేళ్లకు అడిగావు."

"అడుగుతున్నాను గదా."

ఆవిడ కర్ర గోడకు ఆనించి, అక్కడున్న బల్ల మీద కూర్చుంది. పక్కన చెయ్యి తట్టి చూపిస్తే ఆయన కూడా కూర్చున్నాడు.

"కోపిష్టి. నన్ను రెండుసార్లు కొట్టాడు, ఒకసారి తప్పు నాది కాదు కూడా. అమ్మతో మాటలు తక్కువ. జీతం రోజున తప్ప నవ్వేవాడు కాదు. పొద్దునే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చినా చేతిలో ఎవరిదో ఒక బూటుండేది, దీపం దగ్గర పెట్టుకుని చూస్తుండేవాడు." తమ్ముడి వైపు తిరిగింది. "నిన్ను మాత్రం ఎత్తుకునేవాడు. నువ్వు ఆ బూట్లలో పాలు కక్కేవాడివి. ఏమీ అనేవాడు కాదు, కడిగి ఎండబెట్టేవాడు."

మెకానిక్ చేతిరుమాలు తీసి ముఖమంతా తుడుచుకుని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చీటీలమ్మ ఇద్దరినీ అక్కడ వదిలి, టీ చెప్పి రావడానికి గేటు వైపు నడిచింది. తిరిగొచ్చేసరికి తమ్ముడు ఏదో అడుగుతున్నాడు, అక్క కాదు కాదని చెయ్యి తిప్పుతూ ఇంకేదో చెబుతోంది. మ్యూజియం మూసే వేళైనా ఆమె గంట కొట్టించలేదు.